ఒడ్డుకొచ్చే వేళకి చూసిన వీధి

ఇది రాసి పెట్టాలని అనుకోవడానికి కారణం ఫోన్లు. మా ఊరి నుంచి ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఆడపిల్లలు హైదరాబాదు వస్తున్నారు. ఒకరు ఆసుపత్రిలో పనికి, ఒకరు బట్టల షాపులో బిల్లులు కొట్టడానికి, ఒకరు ముందు వచ్చి తర్వాత పని వెతుక్కోవడానికి. పలాసలో రైలెక్కే ముందు నాకు ఫోన్ చేస్తారు. అప్ప అంటే మా వైపు అక్క. అందరూ అడిగేది ఒకటే.

"అప్పా, ఏ ఈది మంచిది? ఒక్కర్తినీ ఉండొచ్చునేటి?"

నేను ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాను. ఒకసారి తొందరలో ఉండి సగమే చెప్పాను. ఒకసారి బస్సులో ఉండి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. నోటితో చెప్పింది నోటితోనే పోతుంది. కాశీబుగ్గ గ్రంథాలయంలో నేను చదవని పుస్తకాలు చాలా తక్కువ. ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను, పదో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి. పాము కరిస్తే ఏం చెయ్యాలో అక్కడ పుస్తకం ఉంది. చుక్కల్ని చూసి దిక్కు తెలుసుకోవడం ఎలాగో ఉంది. కొబ్బరి చెట్టుకు ఎర్రనల్లి పడితే ఏం కొట్టాలో ఉంది. కానీ తెలియని నగరంలో, తెలియని వీధి మొదట్లో ఒక ఆడపిల్ల సంచీతో నిలబడి, ఇక్కడ ఉండొచ్చా, ఉండకూడదా అని ఎలా తేల్చుకోవాలో చెప్పే పుస్తకం లేదు. లేని ఆ పుస్తకంలో ఒక అధ్యాయమైనా నేను రాయాలి. నేను తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి నాకు ఆ హక్కు ఉందనుకుంటాను.

మాది ఉద్దానంలో సముద్రం పక్క ఊరు. కొబ్బరి తోటలు దాటి, జీడి తోటలు దాటి, సరుగుడు చెట్ల సర్వి తోపులోంచి నడిస్తే కాళ్ళ కింద ఇసుక మెత్తబడుతుంది, అప్పుడు సముద్రం వినిపిస్తుంది. వినిపిస్తుందని రాస్తున్నాను గానీ, అక్కడ పుట్టినవాళ్ళకు అది వినిపించదు. హైదరాబాదు వచ్చిన మొదటి రోజు నాకు చెవుల్లో ఏదో తగ్గినట్టు అనిపించింది. రెండు రోజుల తర్వాతగానీ తెలియలేదు, తగ్గింది సముద్రమని.

మా ఊరికి రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. ఇంకా చీకటి విడవకముందే ఒడ్డు మీద ఊరంతా ఉంటుంది. నావలు తోసేవాళ్ళు, వలలు మోసేవాళ్ళు, బుట్టలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, ఎవరి మీదో ఎవరో వేసే ఎకసెక్కాలు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో, అన్నీ ఆ గంటలో తెలిసిపోతాయి. ఆ వేళ ఒడ్డు మీద మనుషులు లేరంటే తుపానైనా రావాలి, ఎవరైనా పోయి ఉండాలి. మధ్యాహ్నానికి ఊరు నిద్రపోతుంది. సాయంత్రానికి సగం కళ్ళు తెరిచి, తొందరగానే మళ్ళీ మూసుకుంటుంది. అందుకే మా ఊరు ఎలాంటిదో చూడాలంటే తెల్లవారుజామున చూడాలి. లోకంలో అన్ని ఊళ్ళూ అంతేననుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా అయ్య నావ మీద నలభై ఏళ్ళు తిరిగినవాడు. గాలి మారి తెలియని ఊరి ఒడ్డుకి చేరాల్సి వస్తే ఏం చెయ్యాలో చిన్నప్పుడు నాకు చెప్పేవాడు. నిద్రపుచ్చే కథల్లో అదొకటి.

"కొత్త ఒడ్డుకి ఎంటనే దూరీకూడదమ్మీ. కెరటాలకి అవతలే నావ ఆపీసి, కాసేపు సూడాల. ఎక్కడ నీరు తెల్లగ ఇరుగుతందో, ఎక్కడ నల్లగ ఉందో. ఒడ్డే సెప్తాది, రావచ్చో రాకూడదో."

"ఒడ్డు ఎలా సెప్తాది అయ్యా?"

"నువ్వు నోరు మూసుకుంటే సెప్తాది."

బడి మానేశాక కాశీబుగ్గలో జీడి కార్ఖానాలో నాలుగేళ్ళు పనిచేశాను. చిన్న కత్తితో పప్పు మీద పొట్టు తియ్యడం, గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు వెయ్యడం. జీడి సొనకు వేళ్ళ చివర్లు నల్లబడి తోలు ఊడేది. పని అయ్యాక ఊరికి ఆటో దొరికేలోపు గంట ఖాళీ. ఆ గంట గ్రంథాలయంలో గడిపేదాన్ని. వేళ్ళకు సొన ఉంటే పుస్తకానికి మరక పడుతుందని, అక్కడి మాస్టారు నాకోసం బల్ల మీద సబ్బు ముక్క ఒకటి పెట్టి ఉంచేవారు. నాలుగేళ్ళకు ఆయనే అడిగారు, హైదరాబాదులో తన స్నేహితుడి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి కావాలట, వెళ్తావా అని. రోజంతా కూర్చుని చదవడానికి జీతం ఇస్తారా అని నేను రెండుసార్లు అడిగాను.

అమ్మ ఎండు చేపలు కాగితంలో చుట్టి, దాని మీద ఇంకో కాగితం చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచీ చుట్టింది. అయ్య మాత్రం ఒక షరతు పెట్టాడు.

"నెల తిరక్కుండా నానొచ్చి సూత్తాను. నువ్వున్న సోటు నచ్చిందా, ఉండు. నచ్చలేదా, నాతో పాటే రైలు. మల్ల జీడి పిక్కలే. ఏడవకూడదు, ఎదురు సెప్పకూడదు."

"సరే అయ్యా."

ఆ సరే అన్న మాట మీదే నా తర్వాతి రోజులన్నీ నడిచాయి.

మా ఊరి పిల్ల ఒకతె ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది. ఆమె పెళ్ళి చూపులకు ఇంటికి వెళ్తూ రెండు వారాలపాటు తన మంచం నాకు వదిలింది. ఆ గది ఎంతంటే, మంచం దిగితే తలుపు, తలుపు తెరిస్తే మంచం. పుస్తకాలు తలగడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఆమె తిరిగి వచ్చేలోపు నాకు ఒక గది కావాలి. పుస్తకాలు నిలబెట్టుకునే గోడ ఉన్న గది, అయ్యకి నచ్చే వీధిలో.

నేను వట్టి చేతులతో రాలేదు. గ్రంథాలయంలో పాత పత్రికల ఆడవాళ్ళ పేజీలు అన్నీ తిరగేసి ఒక నోటు పుస్తకం తయారు చేసుకున్నాను. వీధి దీపాలు ఎన్ని, బస్సు స్టాపు ఎన్ని అడుగులు, మందుల షాపు ఉందా, పోలీస్ స్టేషను ఎంత దూరం, ఇలా తొమ్మిది ప్రశ్నలు. ఫోనులో మ్యాపు తెరిచి వీధుల్ని పైనుంచి కూడా చూశాను. పైనుంచి చూస్తే అన్ని వీధులూ అమాయకంగా ఉంటాయి.

ఇక వేళ సంగతి. ఏ వేళకి వెళ్ళి చూడాలన్నది నా తొమ్మిది ప్రశ్నల్లో లేదు. అది ప్రశ్న అని కూడా నాకు తెలియదు. తెల్లవారుజామున చూడాలి, అంతే. హాస్టలు గేటు అయిదింటికి తీస్తారు. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళి, వీధి మొదట్లో, కెరటాలకి అవతల ఆగినట్టు ఆగి, నోరు మూసుకుని చూసేదాన్ని. ఆ వేళ నగరం నిద్రలో మాట్లాడే మనిషిలా ఉండేది. ఎక్కడో ఒక నీళ్ళ మోటారు, ఎక్కడో ఒక దగ్గు, మంచులో నానిన పసుపు దీపాలు. ఆకుపచ్చ చున్నీ తలకు చుట్టుకుని ఆ వెలుగులో నడుస్తుంటే నేను ఇంకా రైల్లోనే ఉన్నానేమో, ఇదంతా కిటికీలోంచి చూస్తున్నానేమో అనిపించేది.

మొదట చూసిన వీధిలో రెండు వరుసల ఇళ్ళు. గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. ముగ్గు లేదు, పొయ్యి వాసన లేదు, ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు. ఆ చివర గుడ్డ కప్పిన ఇస్త్రీ బండి ఒకటి, శవం మీద దుప్పటి కప్పినట్టు. గేట్లు లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకున్నాను. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మనుషుల జాడ లేదు. చావింటిలా ఉంది. వద్దు.

ఇంకో రెండు వీధులు కూడా అలాగే కనిపించాయి. వాటికీ వద్దు అని రాశాను.

నాలుగో వీధి మొదట్లోకి రాకముందే నాకు వాసన తగిలింది. ఐసు, ఉప్పు, చేప. టోకున చేపలు అమ్మే వీధి అది. లారీల్లోంచి డబ్బాలు దించుతున్నారు, ఐసు దిమ్మల్ని దుంగలతో పగలగొడుతున్నారు, బేసిన్లు పట్టుకున్న ఆడవాళ్ళు బేరాలాడుతూ అరుచుకుంటున్నారు. ఒకావిడ నన్ను భుజంతో తోసుకుంటూ, "పక్కకి జరుగమ్మా, కలలో ఉన్నవా," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే కలలో ఉన్నాను. దీపాలు లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. వీధంతా పగటిలా ఉంది. బస్సు స్టాపు రెండు వందల అడుగులు. మందుల షాపు ఉంది. తొమ్మిదికి తొమ్మిది సరిపోయాయి. చేపల కొట్ల పైన రెండో అంతస్తులో గది ఖాళీ ఉంది. యజమాని వేరే చోట ఉంటాడట, ఫోనులోనే మాట్లాడి తాళం చెవి కింద కొట్లో ఇప్పించాడు. ఆ వారమే ఆదివారం పొద్దున్న దిగిపోయాను. పుస్తకాలు గోడకు ఆనించి నిలబెట్టాను.

సోమవారం అచ్చాఫీసు నుంచి బయటపడేసరికి ఆరున్నర దాటింది. బస్సు దిగేసరికి ఏడుంబావు. బస్సు వెళ్ళిపోయాక నేను తిరిగి చూస్తే, అక్కడ వీధి లేదు.

అంటే, ఉంది. కానీ పొద్దున్న చూసిన వీధి కాదు. చేపల వ్యాపారం మధ్యాహ్నానికే అయిపోతుంది. షట్టర్లన్నీ దించేసి, నేల కడిగేసి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను లెక్కపెట్టిన ముప్పై ఒక్క దీపాలూ కొట్లవి. కొట్లతో పాటు అవీ ఆరిపోయాయి. మునిసిపాలిటీ దీపం ఒక్కటి, అదీ వీధి చివర, మినుకు మినుకుమంటోంది. మందుల షాపు కూడా చేపలవాళ్ళ వేళలే పాటిస్తుంది. రెండు వందల అడుగులు నడిచాను. షట్టర్ల మధ్య నా చెప్పుల చప్పుడు నాకే తిరిగి వస్తోంది. ఐసు నీళ్ళ మడుగుల దగ్గర కుక్కలు తల ఎత్తి చూశాయి. ఈ వీధిలో రాత్రి ఉండే మనిషిని నేనొక్కదాన్నేనని గది తాళం తీస్తుంటే అర్థమైంది.

మర్నాడు సాయంత్రం ఒక మోటారు సైకిలు నా వెనక నెమ్మదిగా వచ్చింది. ముందుకు వెళ్ళింది. చివర తిరిగి మళ్ళీ వచ్చింది. అతను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు గుర్తుంది. తాళం చెవి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని, ఇంటికి ఫోన్ చేసి, అమ్మతో గట్టిగా వంటల గురించి మాట్లాడుతూ మెట్లెక్కాను. "అంత గట్టిగ అరుత్తన్నావేటి, నాను సెవిటిదాన్నేటి?" అంది అమ్మ. సిగ్నలు లేదమ్మా అని అబద్ధం చెప్పాను.

ఆ శుక్రవారం అయ్య వచ్చాడు.

పలాసలో ఎక్కిన రైలు తెల్లవారక ముందే చేరింది. నేను అచ్చాఫీసులో సెలవు పెట్టి స్టేషనుకి వెళ్ళాను. భుజాన తువ్వాలు, చేతిలో చిన్న సంచీ, అందులో కొబ్బరికాయలు. నగరం వైపు ఒకసారి చూసి, "గాలి ఎటు ఈస్తందో తెల్డం లేదు," అన్నాడు.

మేము వీధి చేరేసరికి అది నిండుగా ఉంది. లారీలు, ఐసు, అరుపులు, ముప్పై ఒక్క దీపాలు. అయ్య మొహం విప్పారింది. వీధి మొదట్లో కాసేపు ఆగి చూశాడు. తర్వాత నేరుగా ఒక బేసిను దగ్గరికి వెళ్ళి చేప మొప్ప ఎత్తి చూశాడు.

"ఇది సెరువు సేప. మూడు రోజులయ్యింది. కళ్ళు సూడు, లోపలికెల్లిపోనాయి."

అమ్మే ఆవిడ ఊరుకోలేదు. "కొంటవా, పెండ్లి చూపులు చూస్తవా?"

"సూపులే. నచ్చలేదు," అన్నాడు అయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. అయ్యకి ఆమె మాట సగం అర్థమైంది, ఆమెకి అయ్య మాట సగం అర్థమైంది. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

మెట్లెక్కి గదిలోకి వచ్చి, కిటికీలోంచి కిందికి చూసి అయ్య అన్నాడు, "బాగుంది. మనూరు లాగే ఉంది. మీ అమ్మకి సెప్తాను, ఓలే, నీ కూతురు ఒడ్డు మీదే ఉందని."

నేను అన్నానికి బియ్యం కడగడానికి లేచాను.

అయ్య మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్ళాలి. మర్నాడు వేటకి వెళ్ళే నావలో ఆయన చోటు ఆయనకి ఉంది. అన్నం తిన్నాడు. కాసేపు నేల మీద పడుకున్నాడు. ఫ్యాను తిరుగుతూ సర్వి తోపులో గాలిలా చప్పుడు చేస్తోంది. నేను గోడకు ఆనుకుని ఆయన పాదాల వైపు చూస్తూ కూర్చున్నాను. మడమలు ఉప్పుకి పగిలి ఉన్నాయి. నోరు మెదపకపోతే నాకు ఉద్యోగం మిగులుతుంది, ప్రూఫులు మిగులుతాయి, ఈ గోడకు ఆనించిన పుస్తకాలు మిగులుతాయి. మెదిపితే మళ్ళీ జీడి పిక్కలు, నల్లబడిన వేళ్ళు, ఆటో కోసం ఎదురుచూపు. కానీ నేను మెదపకపోతే, మినుకుమనే ఆ దీపం కింద రోజూ నడిచేది నేనే. అయ్యకి తెలియదు. ఆయనకి తెలియకుండానే నన్ను ఇక్కడ వదిలి వెళ్ళినవాడవుతాడు.

అయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఇంకెల్తాను మరి."

"అయ్యా, ఏడు గంటల వరకు ఉండు."

"రైలో?"

"రైలు పోనీ. రేపెల్లు. సాయంత్రం ఏడింటికి ఈ ఈది సూసి అప్పుడు సెప్పు."

అయ్య నా మొహం చూశాడు. తువ్వాలు తీసి మేకుకు తగిలించాడు.

సాయంత్రం ఇద్దరం బస్సు స్టాపు దాకా వెళ్ళి, ఏడుంబావు అయ్యేవరకు నిలబడి, నేను రోజూ వచ్చే దారిలో నడిచాం. షట్టర్లు. మడుగులు. కుక్కలు. అయ్య ముందు నడిచేవాడల్లా నెమ్మదిగా నా వెనక్కి వచ్చాడు. వీధి సగంలో ఆగి చుట్టూ చూశాడు. పొద్దున్న పెళ్ళి చూపులని ఎగతాళి చేసిన ఆవిడ కొట్టుకి తాళం వేలాడుతోంది. ఆ తాళాన్ని అయ్య చేత్తో ఒకసారి పట్టుకుని వదిలాడు.

"ఎన్నాళ్ళయింది?"

"సోమవారం నుంచి."

"సంచీ సర్దు."

నేను ఎదురు చెప్పకూడదు. ఆ మాట ఇచ్చే రైలెక్కాను. అయినా నోరు ఊరుకోలేదు.

"పొద్దున్న నువ్వూ బాగుందన్నావు గదా అయ్యా."

అయ్య ఆ కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. దూరంగా బస్సులు వెళ్తున్న చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి, విరిగి వెనక్కి పోతున్న కెరటంలా వినిపించింది. అప్పుడు ఆయన అన్న మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

"అన్నాను. నానూ తప్పే సూశాను. మనం ఏటకెల్లీ ఏళకి సూశామమ్మీ. నువ్వు ఒడ్డుకొచ్చీ ఏళకి సూడాల."

మెట్టు మీంచి లేస్తూ అడిగాడు.

"ఇంకా ఏ ఒడ్లు సూశావు?"

నోటు పుస్తకం తీశాను. వద్దు అని రాసినవి మూడు. మొదటిది రెండు స్టాపుల దూరంలో ఉంది.

ఆ వీధి మొదట్లో దిగి అయ్య ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. చావిల్లు అని నేను రాసుకున్న వీధి ఇదేనా అని పేరు పలక మళ్ళీ చదివాను. గేట్లు తీసి ఉన్నాయి. గేట్ల దగ్గర కుర్చీలు వేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకరు చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఒక ఇంటి వరండాలో ట్యూషను నడుస్తోంది, ఎక్కాలు గుంపుగా వినిపిస్తున్నాయి. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఎవరు వస్తున్నా ఎవరో ఒకరు తల ఎత్తి చూస్తున్నారు. పొద్దున్న గుడ్డ కప్పుకుని పడుకున్న ఇస్త్రీ బండి ఇప్పుడు వెలుగుతోంది. బొగ్గుల ఎర్రటి వెలుగులో ఆ బండి, పెట్రోమాక్సు వెలిగించుకుని సముద్రం మీద నిలబడ్డ నావలా ఉంది. అయ్య అలాగే చూస్తూ ఉన్నాడు. కెరటాలకి అవతల ఆగినట్టు.

ఇస్త్రీ చేస్తున్న పెద్దావిడ మమ్మల్ని మేము ఆమెని చూడకముందే చూసింది.

"ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా? గా దినం పొద్దుగాల వచ్చి మా గేట్లు లెక్కవెట్టుకుంట వోయినవ్, నువ్వే గదా?"

నోటు పుస్తకం చున్నీ చాటుకి లాక్కున్నాను.

"గిదే ఆకుపచ్చ చున్నీ. చేతిల గిదే పుస్తకం. నిలవడి రాసుకున్నవ్. దొంగలకు జాడ చెప్పేటిదానివేమో అనుకున్నం."

"మీరు అప్పుడు ఇక్కడ లేరు కదమ్మా," అన్నాను. "ఎవరూ లేరు."

"నేను లేను. గా పైనింటి పెద్దమ్మకు నిద్ర రాదు, కిటికీ కాడ్నే కూసుంటది. ఆమె చూసి నాకు జెప్పింది. నేను అందరికి జెప్పిన." పక్క గేటు దగ్గర చిక్కుడుకాయలు వలుస్తున్నావిడ, "నాకు గూడ తెల్సు," అంది తల ఎత్తకుండానే.

"ఏటంతన్నారు?" అని అయ్య నన్ను అడిగాడు.

"నేను దొంగననుకున్నారట."

అయ్య నవ్వాడు. హైదరాబాదు వచ్చాక నోరు తెరిచి నవ్వడం అదే మొదలు. "సూసినారు గదా. సాలు," అన్నాడు.

"మీ నాయిన మాట్లాడుతుంటే పాట పాడినట్టుందే," అంది ఇస్త్రీ ఆవిడ.

పైనింటి పెద్దమ్మ కిటికీలోంచే కిందికి వంగి అంతా విన్నది. మేడ మీద ఆమెకి ఒక గది ఉందట, కానీ పొద్దున్నే వచ్చి తన వీధిని రాసుకుపోయిన పిల్లకి ముందు ఆ రాసిందేమిటో చూడకుండా ఇవ్వదట. నోటు పుస్తకం పైకి పంపక తప్పలేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. "తలుపులన్నీ మూసి ఉన్నాయి. మనుషుల జాడ లేదు. చావింటిలా ఉంది. వద్దు."

వరండాలో ఎక్కాలు కూడా ఆగాయి. తర్వాత ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. "పొద్దుగాల అయిదింటికి మేం సావకుంటే ఏం జేస్తం, పండుకున్నం." నా చెవులు కాలిపోయాయి. పైనింటి పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి, "దస్తూరీ బాగుంది. పైకి రా," అంది.

మర్నాడు పొద్దున్న అయ్యే నా పుస్తకాలు మోసుకొచ్చాడు. మేడ గది చిన్నది, కానీ గోడ పెద్దది. అయ్య గదిని చూడలేదు. పిట్టగోడ దగ్గర నిలబడి వీధినే చూశాడు. రైలెక్కేటప్పుడు షరతు గురించి నేనే అడిగాను.

"నచ్చిందా మరి?"

"పొద్దున్నపూట నచ్చలేదు," అన్నాడు అయ్య. "సందేళ నచ్చింది."

అప్పటి నుంచి ఎవరైనా పిల్ల ఫోన్ చేసి ఏ వీధి మంచిదని అడిగితే నేను వీధి పేరు చెప్పను. నువ్వు పని నుంచి ఎన్నింటికి వస్తావు అని అడుగుతాను. ఆ వేళకి వెళ్ళి, వీధి మొదట్లో ఆగు. దీపం ఎవరిదో చూడు, కొట్టుదా, వీధిదా. నువ్వు చూసేది కాదు, నిన్ను ఎవరు చూస్తున్నారో చూడు. చూసి ఊరుకోకుండా పక్కవాళ్ళకి చెప్పే మనిషి ఒక్కరున్నా, అక్కడ గది అడుగు. ఇది కూడా ప్రతిచోటా నిజం కాకపోవచ్చు. చూసేవాళ్ళలో వేరే రకం వాళ్ళూ ఉంటారు, ఆ మోటారు సైకిలు మనిషి కూడా చూసినవాడే. ఆ తేడా తెలియడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, ఇంకొకరికి పట్టకూడదని రాశాను.

చివరగా, చెప్పుకోవాల్సిన వాళ్ళ పేర్లు. అసలు పేర్లు రాయనని వాళ్ళకి మాట ఇచ్చాను కాబట్టి, నేను పిలిచే పేర్లతోనే చెప్పుకుంటాను. బల్ల మీద సబ్బు ముక్క పెట్టిన లైబ్రరీ మాస్టారికి. రెండు వారాలు మంచం వదిలి, పెళ్ళికొడుకు నచ్చలేదని నవ్వుతూ తిరిగొచ్చిన హాస్టలు చెల్లికి. మూడు రోజుల చేపని అయ్యకి అంటగట్టలేకపోయిన బేసిను అక్కకి. ఆ వీధి పొద్దున్నపూట నిజంగానే మంచి వీధి, ఇప్పటికీ అక్కడే చేపలు కొంటాను. నన్ను దొంగనుకుని ఆ సంగతి అందరికీ చెప్పిన ఇస్త్రీ అమ్మకి. తనకూ తెలుసన్న చిక్కుడుకాయల పిన్నికి. నిద్ర పట్టని పైనింటి పెద్దమ్మకి; ఆమె కిటికీ దగ్గర కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది, నేను తెల్లవారుజామున లేచినప్పుడు కాసేపు అందులో కూర్చుంటున్నాను. చేపలు మూడు చుట్లు చుట్టిన అమ్మకి.

ఇక అయ్యకి. ఇప్పుడు నావ మీదకి వెళ్ళడం మానేశాడు, మోకాళ్ళు. రోజూ సాయంత్రం ఏడున్నరకి ఫోన్ చేస్తాడు. భోంచేశావా అని అడగడు, ఒంట్లో ఎలా ఉందని అడగడు.

"ఒడ్డుకొచ్చీసినావా?" అంటాడు.

"వచ్చీసినానయ్యా," అంటాను. పెట్టేస్తాడు.